జింక మేసిన చేను సంగతి ముందు మాట్లాడాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఆ వారమంతా ఒక్క తీరుగానే గడుస్తుంది. బడిపిల్లలతో ర్యాలీ, వ్యాసరచన, బొమ్మల పోటీ, ఫ్లెక్సీ ముందు ఫొటో. పోటీకి వచ్చే బొమ్మల్లో సింహాలు, జిరాఫీలు కనబడతాయి. పొలిమేరలో ఊళవేసే తోడేలు, గుట్ట దిగి బోరు దగ్గరికి నీళ్లకొచ్చే ఎలుగుబంటి, శెనక్కాయ వామిలో దూరే పాము వాటిలో కనబడవు. తొమ్మిదో తేదీ నుంచి ఊరి మాట ఊరిదే, అడవి మాట అడవిదే.

ఈ మధ్య వన్యప్రాణి అవగాహన పనిలోకి యువత ఉత్సాహంగా వస్తోంది. ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద కార్యకర్తలు ముందుకొస్తున్నారు. చాలా సంతోషం. అయితే జనం ముందు నిలబడేవారికి జంతువు మీద ప్రేమ ఒక్కటే సరిపోదు. ఏ నెలలో ఏం చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఏ మాట చెబితే పని చెడుతుంది అన్నది తెలిసుండాలి. ఆ పనిలో ఉన్నవాళ్లుగా మాకు తెలిసినవి మీ పత్రిక ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మొదట రోళ్లపాడు. నందికొట్కూరుకు దగ్గర్లో బట్టమేక పిట్ట కోసం 1988లో 6.14 చదరపు కిలోమీటర్ల గడ్డినేలను అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు మీటరు ఎత్తుండే ఈ పిట్ట ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. గూడు కట్టదు, వట్టి నేల మీదే పెడుతుంది. అంత పెద్ద పక్షికి ఆరు చదరపు కిలోమీటర్ల కంచె ఏ మూలకూ చాలదు. చుట్టూ ఉన్న మెట్ట చేలలో మిడతలు, పురుగులు, గింజలు ఏరుకుని బతకాలి. అంటే దాని బతుకు రైతు చేతిలోనే ఉంది. తీరా రక్షణ దొరికాక ముందుగా పెరిగింది పిట్ట కాదు, కృష్ణజింక. మందలు కంచె దాటి చేల మీద పడ్డాయి. మొలక మేస్తే మళ్లీ విత్తుకోవాలి, విత్తనాలకు మళ్లీ అప్పు చేయాలి. రైతు కళ్లకు జింక, పిట్ట, అటవీ శాఖ అన్నీ ఒకటే అయిపోయాయి. చుట్టుపక్కల నేలల్లో పంటలు కూడా మారిపోయాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద స్వేచ్ఛగా తిరిగే బట్టమేక పిట్టలు 150కి అటూఇటూగానే ఉన్నాయని అంచనా. ఒకప్పుడు రోళ్లపాడుకు పేరు తెచ్చిన ఆ పిట్ట అక్కడ కనబడటమే గగనమైంది.

పిట్ట గొప్పతనం ఎంత చక్కగా చెప్పినా, జింక మేసిన చేను గురించి నోరెత్తకపోతే రైతు వినడు. వినాల్సిన అవసరమూ అతనికి లేదు. అందుకే ఆలూరు, ఉరవకొండ వైపు ఏ ఊళ్లో కూర్చున్నా మొదటి పది నిమిషాలు నష్టం మాటే మాట్లాడాలి. ఎన్ని ఎకరాలు పోయింది, ఏ దశలో పోయింది, దరఖాస్తు పెట్టారా, పెడితే ఎక్కడ ఆగింది. ఊరికి వెళ్లేముందే అటవీ శాఖ రేంజి కార్యాలయంలో కూర్చుని, పంట నష్టానికి ఏ కాగితాలు అడుగుతారో, ఎన్ని రోజుల్లో తెలపాలో వాళ్ల చేతే రాయించుకోవాలి. ఈ-క్రాప్ పంట నమోదులో పేరుందా, అడంగల్ (భూమి, సాగు రికార్డు) ఎవరి పేరు మీద ఉంది, కౌలు రైతైతే సాగు హక్కు పత్రం ఉందా అన్నవి అక్కడికక్కడే చూసుకోవాలి. చాలా దరఖాస్తులు ఆగిపోయేది కౌలు రైతు దగ్గరే. చేను కౌలుదారుది, కాగితం ఆసామిది. ఫొటో తీసేటప్పుడు మేసిన మొక్క, జింక అడుగు, సర్వే రాయో గట్టో ఒక్క ఫ్రేములో పడేలా తీయమని చెప్పాలి. మొక్క మాత్రమే కనబడితే అది ఏ చేనిదో తేలదు.

చేను కాపాడుకునే పద్ధతుల దగ్గర నీళ్లు నమలకూడదు. చీరలు కట్టడం, డబ్బాలు మోగించడం కొన్నాళ్లే పనిచేస్తాయి. జింక అలవాటు పడిపోతుంది. బోరు కనెక్షన్ నుంచి నేరుగా కరెంటు తీగ లాగడం మాత్రం హత్యతో సమానం. 230 వోల్టుల కరెంటు పట్టుకున్న కండరాన్ని వదలదు. అడవిపంది కోసం పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతు బలవుతాడు. సోలార్ కంచె సంగతి వేరు. అందులో కరెంటు ఎడతెగకుండా పారదు. సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి, కన్ను మూసి తెరిచేలోపు తాకి పోతుంది. దెబ్బ తగులుతుంది గానీ ప్రాణం తీయదు. ఈ తేడాను సభలో గట్టిగా చెప్పాలి. అంతటితో ఆపకుండా, కంచె ఎందుకు చెడుతుందో కూడా చెప్పాలి. కింది తీగకు గడ్డి తగిలితే శక్తంతా అక్కడే నేలకు దిగిపోతుంది, కనుక వారానికోసారి గడ్డి కోయాలి. ఎండాకాలంలో మన నేల ఎంత ఎండిపోతుందంటే ఎర్తింగ్ కడ్డీ పనిచేయదు. జంతువు తీగను తాకినా ఝల్లుమనదు. కడ్డీ చుట్టూ రెండు రోజులకోసారి ఒక బిందె నీళ్లు పోస్తే చాలు. రైతులు కంచె దండగ అని వదిలేయడానికి తరచూ కారణం ఈ బిందెడు నీళ్లే.

కడప వైపు కలివికోడి విషయానికి వద్దాం. 1848 ప్రాంతంలో బ్రిటిష్ పక్షి శాస్త్రజ్ఞుడు జెర్డన్ ఈ పక్షిని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో లంకమల దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్లీ దొరికింది. దొరకబట్టింది అడవిని అరచేతి గీతల్లా ఎరిగిన స్థానికుడు. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పట్టుకున్నాడు. కలివి పొదకు పక్షికి ముడిపెట్టి కలివికోడి అని పేరు పెట్టుకున్న ఊరి తెలివి, శాస్త్రజ్ఞులకు దారి చూపింది. అవగాహన పేరుతో ఊళ్లోకి వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఊరివాళ్లను అడిగి తెలుసుకోవలసినది కొండంత ఉంటుంది.

ఈ పక్షి గురించి చెప్పే సందేశంలోనే ఒక తప్పు తరచూ దొర్లుతోంది. "అడవిలో అడుగుపెట్టొద్దు, మేకలు తోలొద్దు" అని కట్టె విరిచినట్టు చెబుతారు. కలివికోడికి చిక్కటి అడవి అక్కర్లేదు. పొదలూ, వాటి మధ్య ఖాళీ నేలా రెండూ కావాలి. అక్కడ జరిగిన పరిశోధనల్లో, రెండు మీటర్లకు మించి ఎదిగిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్న చోట్ల అది ఎక్కువగా ఉంటుందని తేలింది. పొదలు బొత్తిగా పోయినా ఉండదు, మరీ కమ్ముకుపోయినా ఉండదు. పరిమితంగా సాగే మేత, కొద్దిపాటి కట్టెపుల్లల సేకరణ ఆ ఖాళీలను నిలబెడతాయి. చేటు తెచ్చేది యంత్రాలతో పొదలు పెకలించడం, కాలువల తవ్వకం, మితిమీరిన మేత, నరికివేత. కాపరిని మొదటి మాటతోనే దొంగను చేస్తే ఆ అడవికి ఉన్న మంచి కాపలాదారును పోగొట్టుకున్నట్టే. "జేసీబీ వస్తే మాకు ఫోన్ చెయ్యి, రాత్రిపూట కలివికోడి రెండు ముక్కల కూత వింటే ఎక్కడ విన్నావో చెప్పు" అని అడిగితే అతడే మన మనిషి అవుతాడు.

ఇక పాముల సంగతి. రాయలసీమలో అవగాహన పనికి ఇదే గుండెకాయ. దీని గురించి కాస్త ఎక్కువగా రాయక తప్పదు.

మన చేలలో ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుంది. అందువల్ల కరిచింది ఏ పామో తెలియకపోయినా వైద్యం ఆగదు. ఈ ఒక్క మాట చాలామందికి తెలియదు. తెలియక కరిచిన పామును వెతికి, కొట్టి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చే క్రమంలో ఒక్కోసారి రెండో మనిషినీ కరిపించుకుంటున్నారు, విలువైన అరగంట పోగొట్టుకుంటున్నారు.

గుర్తుపట్టడం నేర్పేటప్పుడు రంగు మీద ఆధారపడకూడదు. ఒకే జాతిలో రంగులు మారతాయి. చప్పుడు, చోటు, వేళ చెప్పాలి. రక్తపింజరి బుస కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఉంటుంది. దాన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. చిన్న పింజరి జానెడు, మూరెడు ఉంటుంది. చుట్టచుట్టుకుని పొలుసులు రాపాడిస్తే రంపపు కోత లాంటి చప్పుడు వస్తుంది. రాళ్ల సందుల్లో, గట్ల మీద ఉంటుంది. కట్లపాము నల్లగా, సన్నటి తెల్ల కట్లతో ఉంటుంది. రాత్రిపూట ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు నొప్పి తెలియదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేయడం, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే అజీర్తి అనుకుని సోడా తాగించి పడుకోబెడతారు. వానాకాలంలో నేల మీద పడుకుని లేచిన మనిషికి రెప్పలు వాలుతుంటే అది పాముకాటేనని అనుమానించి వెంటనే కదలాలి. ఈ వాక్యాన్ని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల చేత ఊళ్లో పదిసార్లు చెప్పించాలి.

కాటు పడ్డాక చేయవలసినవి కొద్దే. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, గడియారం వెంటనే తీసేయాలి. వాపు వస్తే అవే కత్తెరలవుతాయి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి గుడ్డతో వదులుగా కట్టాలి. మనిషిని నడిపించకూడదు. 108 రావడం ఆలస్యమయ్యేలా ఉంటే మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాలి. కాటు పడిన టైము గుర్తుంచుకోవాలి. బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. తాడు ఎందుకు వద్దో కారణం చెప్పకపోతే ఎవరూ మానరు. పింజరి విషం కండను కుళ్లబెడుతుంది. తాడు కడితే అదంతా ఒకేచోట నిలిచి కాలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. ఒక్కసారిగా విప్పితే విషం ఉప్పెనలా ఒంట్లోకి పోతుంది.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో కూడా ముందే చెప్పాలి. డాక్టరు కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పక్కన పెడతారు. అప్పటికీ గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కినట్టు. చూసే బంధువులకు మాత్రం "రక్తం తీసి ఊరకే కూర్చున్నారు" అనిపిస్తుంది. గొడవపడి మనిషిని ఇంకో చోటికి, చివరికి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. ఆ 20 నిమిషాలు వైద్యంలో భాగమేనని ఊరికి ముందే తెలిసి ఉంటే ఈ పొరపాటు జరగదు. విషలక్షణాలు ఉంటే మొదటి విడతగా సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న సీసాలు) విరుగుడు ఎక్కిస్తారు. ఒక్క సూది వేసి పంపే జబ్బు కాదిది.

జాగ్రత్తలు పంట పనితో కలిపి చెప్పాలి. కర్నూలు వైపు బుడ్డలు అనండి, అనంతపురం వైపు శెనక్కాయలు అనండి, పీకిన శెనక్కాయ కట్టెను కుప్ప వేసి నాలుగు రోజులు ఉంచితే ఎలుకలు చేరతాయి, వెనకే పాములు చేరతాయి. చేత్తో ఎత్తే ముందు పొడవాటి కర్రతో కుప్పను కదిలించి కాసేపు ఆగాలి. రాత్రి నీళ్లు కట్టబోతే టార్చి, బూట్లు. ఇంట్లో మంచం, దోమతెర. తెర అంచులు పరుపు కిందికి మడవాలి. ఊరికే వేలాడదీస్తే లాభం లేదు. కట్టెల మోపు గోడకు ఆనించి పెట్టకూడదు. ఎలుకలను తినే జెర్రిపోతు కనబడితే వదిలేయమని చెప్పడానికి ఎలుక తినే శెనక్కాయల లెక్కకు మించిన పాఠం లేదు.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. బడికి బతికున్న పామును తెచ్చి మెడలో వేసుకుని చూపించే కార్యక్రమాలు ఆపేయాలి. అది వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. నేరం కాకపోయినా ప్రమాదం. ఆ గంటలో పిల్లవాడు నేర్చుకునేది పామును పట్టుకోవచ్చునని. మరుసటి వారం చేలో అదే చేసి చూపిస్తాడు. రెండుతలల పాముకు లక్షలు వస్తాయని, నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మించే దళారులు ఈ జిల్లాల్లో తిరుగుతుంటారు. పెద్దపిల్లలకు ఆ మోసం ఎలా నడుస్తుందో విడమరచి చెప్పాలి. ఆ పాముకు రెండో తల లేదు, మొద్దుగా ఉండే తోక అది.

ఎలుగుబంటి, చిరుత విషయంలో జంతువు కన్నా గుంపు ప్రమాదం. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర ప్రాంతాల్లో గుట్టలున్న ఊళ్లకు ఎలుగు రావడానికి కారణాలు తెలిసినవే. ఎండాకాలంలో నీళ్లు, సీతాఫలాలు, రేగుపండ్లు, చేలలో శెనక్కాయలు, గుట్ట మీది గుళ్ల దగ్గర పారేసిన కొబ్బరి చిప్పలు. దానికి చూపు అంతంత మాత్రం. పుట్ట తవ్వి చెదలు పీల్చేటప్పుడు అది చేసే చప్పుడులో మన అడుగు దానికి వినబడదు. హఠాత్తుగా ఎదురుపడితే భయపడి మీద పడుతుంది. వీపు మీద పిల్లలను మోసుకు తిరిగే తల్లైతే మరీను. అందుకే తెల్లవారుజామున, మసక చీకట్లో ఒంటరిగా వెళ్లొద్దు. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ, కర్ర నేలకు తాటించుకుంటూ వెళ్లాలి. దూరంగా కనబడితే పరుగెత్తకుండా, దాన్ని చూస్తూనే వెనక్కి తగ్గాలి. మీద పడితే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక, తల కప్పుకోవాలి. అది మొదట చీల్చేది ముఖాన్నే.

ఎలుగో చిరుతో ఊళ్లోకి వచ్చి ఏ పాడుబడ్డ ఇంట్లోనో దూరితే చేయాల్సింది వీలైతే బయటి నుంచి తలుపు వేయడం, అటవీ సిబ్బందికి, 112కు ఫోన్ చేయడం, గుట్ట వైపు దారి ఖాళీగా వదలడం. నాలుగు వైపులా జనం మూగి సెల్‌ఫోన్లు ఎత్తితే దానికి మిగిలే దారి మనుషుల మీదుగానే. రాయి విసిరిన మనిషి ఒకడు, గాయపడే మనిషి మరొకడు. ప్రతి ఊళ్లో ఐదారుగురు కుర్రాళ్లను ముందే ఎంచి, జంతువు వస్తే మీ పని జనాన్ని వంద మీటర్ల అవతల ఆపడమేనని అప్పగించాలి. ఫొటోల కోసం ఎగబడేది ఈ కుర్రాళ్లే. బాధ్యత ఇస్తే ఆపేదీ వాళ్లే.

నీళ్లెండిన దిగుడుబావులు మరో గండం. చుట్టుగోడ లేని బావిలో ఎలుగు, తోడేలు, చిరుత పడతాయి. మేకలు, పిల్లలూ పడతారు. కార్యకర్త ఊళ్లో చేయగల మంచి పనుల్లో ఒకటి బడిపిల్లలతో కలిసి అలాంటి బావుల జాబితా రాయడం. ఎవరి చేను, ఎంత లోతు, నీళ్లున్నాయా, చుట్టూ మూడడుగుల గోడ ఉందా. ఆ కాగితం గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. జంతువు పడిన బావి చుట్టూ జనాన్ని తప్పించి, సిబ్బంది నిచ్చెన దించి వదిలేస్తే రాత్రికి చాలాసార్లు అదే ఎక్కి పోతుంది. వలలు, అరుపులతో దాన్ని బెదరగొడితే అది గోడకేసి కొట్టుకుని చస్తుంది.

గొర్రెల కాపర్లతో మాట్లాడాలంటే సభ పెట్టి పిలిస్తే రారు. మంద తోలిన చేను దగ్గరికి పొద్దుగూకాక మనమే వెళ్లాలి. తోడేలు ఎత్తుకుపోయేది ఎక్కువగా గొర్రెపిల్లలనే. పిల్లలను గంపల కింద మంద నడుమ ఉంచడం, చుట్టూ వల బిగువుగా కట్టడం, కుక్కలకు రేబీస్ టీకా వేయించడం మూడూ పనికొస్తాయి. చచ్చిన గొర్రెకు విషం పూసి పెడితే మొదట తినేది కాపరి కుక్కే. మోటారు సైకిల్ క్లచ్ వైరుతో పొదల్లో వేసే ఉచ్చులు ఎలా ఉంటాయో కాపర్లకు బాగా తెలుసు. అలాంటివి కనబడితే ఎవరికి చెప్పాలో మాత్రం తెలియదు. తోడేలును చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటుందని చెప్పాలి గానీ, మొదటి మాటగా చెప్పకూడదు. టీ తాగాక చెప్పాలి.

బడిలో 40 నిమిషాల పీరియడ్ దొరికితే ఉపన్యాసం ఇవ్వకండి. అడుగు అచ్చు తీయించండి. ఖర్చు తక్కువ, పిల్లలు జన్మలో మరచిపోరు. చెరువు గట్టునో బురద దారిలోనో స్పష్టమైన అడుగు వెతకాలి. కుక్కదైనా సరే. రెండంగుళాల వెడల్పు అట్ట పట్టీని లోపలి వైపు కాస్త నూనె రాసి అడుగు చుట్టూ గుండ్రంగా గుచ్చాలి. ఒక గ్లాసు నీళ్లలో రెండు గ్లాసుల ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. దోసెపిండి జారుకు వచ్చాక అడుగు మీద నేరుగా కాకుండా పక్క నుంచి మెల్లగా పోయాలి. మీద నుంచి గుమ్మరిస్తే గోళ్ల గీతలు చెదిరిపోతాయి. నీళ్లు ఎక్కువైతే అచ్చు పెళుసై విరుగుతుంది. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, పిల్లలను తాకి చూడనివ్వండి. అరగంటకు ఎత్తి, మట్టి ఆరాక బ్రష్షుతో తుడవాలి. పీరియడ్ సరిపోదు కాబట్టి ఇంటర్వెల్‌కు ముందు పీరియడ్ అడిగి తీసుకోవాలి.

తర్వాత పాఠం ఆ అచ్చే చెబుతుంది. కుక్క, తోడేలు అడుగులో గోళ్ల గుర్తులుంటాయి. చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి ఉండవు. చిరుత మడమ గుర్తుకు వెనక మూడు మెత్తలు కనబడతాయి. వెడల్పు ఏడెనిమిది సెంటీమీటర్ల లోపే ఉంటుంది. "ఊళ్లో పులి తిరుగుతోంది" అన్న వాట్సాప్ పుకారును ఆ ఊరి ఏడో తరగతి పిల్ల స్కేలుతో కొలిచి తేల్చగలదు.

నల్లమల గురించి ఒక్కటే. ఉగాదికి ముందు కర్ణాటక నుంచి భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు మీదుగా పులుల అడవిలో నడిచి శ్రీశైలం వెళతారు. అప్పటికి ఆకు రాలి అడవి ఎండి ఉంటుంది. ఆర్పకుండా వదిలిన ఒక్క పొయ్యి చాలు. ప్లాస్టిక్ వద్దు, మంట వద్దు అన్న బోర్డులు తెలుగులో ఎన్ని పెట్టినా వాళ్లు చదవలేరు. కన్నడంలో రాయాలి, కన్నడం వచ్చిన వలంటీర్లు ఉండాలి. ఆ దారిలో ప్రతి నీటి చెలమా తెలిసిన చెంచులనే ముందు నిలబెట్టాలి.

చివరగా మీ పత్రికకే కొన్ని విన్నపాలు. చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా చలికాలం ముగిసేవేళ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెట్టే కొంగలను సైబీరియా పక్షులని రాస్తుంటారు. అవి సైబీరియావి కావు. మన దేశంలోనే ఉండే, ఎర్రటి తల, పసుపు ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు ఉన్న పెయింటెడ్ స్టార్కులు. పరాయి దేశపు అతిథి అంటే మర్యాద ఎక్కువ దొరుకుతుందనుకున్నా, ఆ మాట వల్ల స్థానిక చెరువు విలువ మరుగున పడుతోంది. అవి పిల్లలను పెంచేది మన చెరువు చేపలతో, ఊరివాళ్లు నరకకుండా ఉంచిన చింతచెట్ల మీద. చిరుతను పులి అని శీర్షిక పెట్టొద్దు. ఆ ఒక్క మాట తేడాతో ఊరంతా కర్రలు పట్టుకుని బయలుదేరుతుంది. అరుదైన పక్షి గూడు ఏ చెట్టు మీద ఉందో, ఏ పొద కింద ఉందో రాయొద్దు. చంపిన పాముతో నవ్వుతూ నిలబడ్డ ఫొటోలు వేయొద్దు.

అవగాహన కార్యక్రమాల వార్త రాసేటప్పుడు ఎంతమంది హాజరయ్యారన్నది కాకుండా, నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ ఊళ్లో ఎన్ని బావులకు గోడ కట్టారు? ఎన్ని ఉచ్చులు తీశారు? ఎన్ని నష్టపరిహారం దరఖాస్తులు ముందుకు కదిలాయి? పామును చంపకుండా ఫోన్ చేసినవాళ్లు ఎందరు? జవాబు చెప్పాలంటే వాళ్ల దగ్గర ఒక పుస్తకం ఉండాలి. ఆ పుస్తకం ఉండాలంటే అదే ఊరికి మూడు నెలలకోసారైనా తిరిగి వెళ్లాలి. మొదటిసారి అడిగిన ప్రశ్నకు "తెలియదు, కనుక్కుని చెబుతాం" అన్నవాళ్లు రెండోసారి ఆ జవాబు పట్టుకుని వస్తేనే ఊరు నమ్ముతుంది.

ఇంకొక చిన్న పని మీ జిల్లా ఎడిషన్ ఒక్కటే చేయగలదు. ఏడాదికి నాలుగుసార్లు, అంటే జూన్‌లో విత్తనం పడేటప్పుడు, అక్టోబరులో శెనక్కాయలు పీకేటప్పుడు, జనవరి చివర అడవి ఎండటం మొదలైనప్పుడు, ఏప్రిల్‌లో నీళ్లు అడుగంటినప్పుడు, మండలాల వారీగా అటవీ శాఖ బీటు అధికారుల ఫోన్ నంబర్లు, పాముకాటు విరుగుడు మందు నిల్వ ఉన్న ఆసుపత్రుల పేర్లు అధికారుల దగ్గర సరిచూసుకుని ఒక పెట్టెలో వేయండి. కత్తిరించి గోడకు అంటించుకునేంత సైజులో, ముసలివాళ్లకు కనబడేంత అక్షరాల్లో. చౌక దుకాణం, రైతు సేవా కేంద్రం, పాల కేంద్రం గోడల మీద వాటిని అంటించే పని మేము చూసుకుంటాం.

ఇట్లు,
వన్యప్రాణి అవగాహన కార్యకర్తలు,
కర్నూలు